సర్ రాబర్టు మెక్‌కారిసన్

మన దేశమున ఉత్తరదిక్కున పంజాబువాసులు దీర్ఘకాయులై యుండగా, దక్షిణదేశపు పేదలు పొట్టివారై, కృశించి యుండుట కేమి కారణము? జాతిభేదమే యని కొందరును, ఎండవేడిమియే యని కొందరును తలచుచుండిరి. తినెడి తిండియే ముఖ్యకారణమని ప్రయోగముచే చూపిన వైద్యుడు సర్ రాబర్టు మెక్‌కారిసన్.

ఆయన 1878లో ఐర్లండు ఉత్తరభాగమునందలి పోర్టడౌన్ పట్టణమున జన్మించెను. బెల్‌ఫాస్టులో వైద్యవిద్య ముగించి, 1901లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరి మన దేశమునకు వచ్చెను. గిల్గిట్ కొండసీమలో అనేకులకు గొంతు వాచి గళగండవ్యాధి యుండెను. దానికి కారణము నెరుగగోరి, అచ్చటి నీటి మడ్డిని తానే త్రాగి పరీక్షించుకొనెను. అయోడిను కొరతయే ఆ వ్యాధికి ముఖ్యకారణమని నేడు వైద్యు లెరుగుదురు. అయినను, సత్యము నెరుగుటకై తన దేహమునే ఒడ్డిన ఆయన దీక్ష కొనియాడదగినది.

1918లో నీలగిరులందలి కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూటునందలి ఒక్క గదిలో ఆయన ఆహారపరిశోధనము నారంభించెను. మరపట్టిన తెల్లబియ్యమే ప్రధానాహారముగా గలవారికి వచ్చు బెరిబెరి వ్యాధి మొదట ఆయన పరిశీలించిన విషయము.

పిమ్మట ఆయన ఒకే జాతికి, ఒకే వయస్సునకు చెందిన ఎలుకపిల్లలను ఏడు గుంపులుగా చేసెను. ఒక్కొక్క గుంపునకు దేశమునందలి ఒక్కొక్క ప్రాంతపువారి ఆహారమును పెట్టించెను. గాలి, వెలుతురు, గూళ్ళు అన్నింటికి సమానమే. తిండి మాత్రమే వేరు. కొన్ని మాసములు గడచిన పిదప వానిని తూచి చూచిరి. గోధుమరొట్టెలు, పాలు, వెన్న, పప్పు, పచ్చికూరలు గల సిక్కుల ఆహారమును తిన్నవి సగటున 235 గ్రాములు తూగెను. తెల్లబియ్యము మెండుగను, పాలు, కూరలు స్వల్పముగను గల మదరాసు ఆహారమును తిన్నవి 155 గ్రాములే తూగెను. నాడు మదరాసు రాష్ట్రమున ఆంధ్రజిల్లాలును చేరియుండెను గదా!

ఆయన స్వజనుల లోపమును సైతము దాచలేదు. బ్రిటనునందలి పేదలు తిను తెల్లరొట్టె, జాము, చక్కెర కలిపిన తేనీరు, డబ్బామాంసము మొదలగువానిని వేరొక గుంపునకు పెట్టించెను. ఆ ఎలుకలు ఎదుగక, రోగములపాలై, తుదకు ఒకదాని నొకటి చంపుకొన సాగెను.

బియ్యము విడువవలెనని ఈ ప్రయోగముల భావము కాదు. దంపుడు బియ్యమునకు పాలు, పప్పు, ఆకుకూరలు, పండ్లు తోడైనచో లోటు తీరును. ఎముకలును దంతములును ఏర్పడు పసిప్రాయమున ఇట్టి ఆహారము మిక్కిలి అవసరము. మాటిమాటికి తీపి తినిన బిడ్డల పండ్లు పుచ్చిపోవును.

మెక్‌కారిసన్ 1933లో సర్ బిరుదమును పొంది, 1935లో స్వదేశమునకు మరలి, 1960లో మరణించెను. ఆయన స్థాపించిన పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. జాతీయ పోషకాహార సంస్థ యను పేర అది నేటికిని పనిచేయుచున్నది. ఒక్క గదిలో మొదలైన ఆ కృషి ఫలము నేడు మన బిడ్డల కంచములవరకు చేరినది.