ఎమ్మెస్సీ ఆగింది... కథ ఆగలేదు

తెనాలిలో రైలెక్కి బెజవాడలో కోచింగ్ సెంటర్‌కి చేరేలోపు మీ ఇయర్‌ఫోన్స్‌లో ఒక మహానగరం కూలిపోతుంది. మిగిలిన నలుగురూ నీళ్ల కోసం పరుగెడుతుంటారు. వెనక యంత్రాలు తరుముతుంటాయి. మీరు దిగాల్సిన స్టేషన్ వస్తుంది, కథ మాత్రం సరిగ్గా ప్రమాదం దగ్గర ఆగుతుంది. సైన్స్ ఫిక్షన్, ప్రళయం తర్వాతి సాహసాల ఆడియో బుక్స్ వినే అలవాటు మీలో చాలామందికి ఉంది. ఇవి వింటే ఉద్యోగం వస్తుందా అని ఇంట్లో అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే తెనాలి నుంచే వెళ్లిన ఒక ఫిజిక్స్ స్టూడెంట్ జీవితం చూడాలి. ఆయన కొడవటిగంటి కుటుంబరావు. పాఠకులకు కొ.కు.

సగంలో ఆగిన మొదటి థ్రిల్లర్

కుటుంబరావు 1909 అక్టోబర్ 28న తెనాలిలో ఒక మధ్యతరగతి కుటుంబంలో పుట్టారు. అయిదేళ్లకే తండ్రి పోయారు. పదకొండేళ్లు వచ్చేలోపే తల్లీ పోయారు. మేనమామ దగ్గర పెరిగారు. అన్న వెంకటసుబ్బయ్య రచయిత కావడంతో ఇంట్లో పుస్తకాల మాట ఉండేది. హైస్కూల్లో ఉండగానే కుటుంబరావు ఒక థ్రిల్లర్ నవల మొదలుపెట్టారు. అది పూర్తి కాలేదు. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత మధ్యతరగతి జీవితాన్ని ఉన్నదున్నట్టు రాసి పేరు తెచ్చుకున్న మనిషికి కూడా మొదట్లో మీలాగే తర్వాత ఏమవుతుందోనన్న ఉత్కంఠే ఇష్టం.

1925లో హైస్కూలు చదువు ముగిసే సమయానికే ఆయనకు పద్మావతితో బాల్యవివాహం జరిగింది. గుంటూరు ఏసీ కాలేజీలో ఇంటర్మీడియట్, విజయనగరం మహారాజా కాలేజీలో ఫిజిక్స్‌తో బీఏ చదివారు. 1929లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరారు. ఆ రోజుల్లో డెల్టా నుంచి కాశీ దాకా వెళ్లి ఫిజిక్స్‌లో పీజీ చేయడమంటే మామూలు విషయం కాదు.

అదే ఏడాది అమెరికాలో స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఆ దెబ్బ ప్రపంచమంతా పాకి, ఇక్కడ పంటల ధరలు పడిపోయాయి. చేతిలో డబ్బు ఆడని కుటుంబాల్లో ముందు ఆగిపోయేది దూరంగా ఉన్న పిల్లాడి చదువే. 1930లో కుటుంబరావు ఎమ్మెస్సీ అలాగే ఆగిపోయింది. అప్పటికి ఆయన వయసు ఇంచుమించు ఇప్పుడు మీదే.

ఇరవై ఏళ్ల తిరుగుడు

తర్వాతి రెండు దశాబ్దాలను ఇప్పటి రెజ్యూమేలో పెడితే ఏ హెచ్ఆర్ అయినా పేజీ తిప్పేస్తాడు. ట్యూషన్లు చెప్పారు. గుమస్తాగా చేశారు. సిమ్లా వెళ్లి ఉద్యోగం చేశారు. ఒడిశాలోని జయపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ అయ్యారు. కొన్నాళ్లు బొంబాయిలో ఉన్నారు. ఏ పనికీ మరో పనితో పొంతన లేదు. ఏదీ ఎక్కువ కాలం నిలవలేదు.

ఇంట్లోనూ అంతే కష్టం. 1939లో పద్మావతి చనిపోయారు. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకుంటే, కొన్నేళ్లకే ఆవిడా అనారోగ్యంతో పోయారు. 1945లో కొమ్మూరి వరూధినిని పెళ్లి చేసుకున్నాక గానీ ఇల్లు కుదురుకోలేదు. వరూధిని తమ్ముడే కొమ్మూరి సాంబశివరావు. డిటెక్టివ్ యుగంధర్‌ను సృష్టించి తెలుగు పాకెట్ నవలను పరుగులు పెట్టించిన రచయిత. అంటే తెలుగులో యాక్షన్ కథకు ఇద్దరు పెద్ద దిక్కులు ఒకే కుటుంబంలో బావా బావమరుదులన్నమాట.

ఈ ఇరవై ఏళ్లలోనూ ఆయన రాయడం మానలేదు. గుమస్తాలు, అద్దె ఇళ్లు, కట్నాలు, అప్పులు, చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రాళ్లు... కళ్ల ముందు కనిపించిందే కథ అయింది. ఆయన నవల 'చదువు' మీలాంటివాళ్ల గురించే. సుందరం అనే కుర్రాడి చదువు మొదటి ప్రపంచయుద్ధం రోజుల నుంచి ఆర్థిక మాంద్యం దాకా ఎలా సాగిందో చెబుతూ, చదువుకీ బతుకుతెరువుకీ ఉన్న సంబంధం ఏమిటని అడుగుతుంది. ప్లేస్‌మెంట్ సీజన్‌లో చదివితే వందేళ్ల కిందటి కథని అనిపించదు.

శవాన్ని మోస్తూ కథ విన్న రాజు

1948 నుంచి రెండేళ్లకు పైగా మద్రాసులో ఆంధ్రపత్రిక వారపత్రిక పని చూశారు. 1952 జనవరి 1న చందమామలో చేరారు. అప్పటికి నలభై రెండేళ్లు. ఆ పత్రికను 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణిది కూడా తెనాలే, ఐతానగరం. తెనాలిలో థ్రిల్లర్ సగంలో వదిలేసిన కుర్రాడికి చివరికి తెనాలి మనిషి నడిపే కథల కార్ఖానాలో స్థిరమైన కుర్చీ దొరికింది. చనిపోయేదాకా, ఇరవై ఎనిమిదేళ్లు, ఆ కుర్చీ వదల్లేదు.

అక్కడ ఆయన చేసిన పని ఏమిటో మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే... ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కథల్ని ఒకే గొంతులో వినిపించేలా తిరగరాయడం. చిన్న వాక్యం. ఒక వాక్యంలో ఒక పని. ఎవరు, ఎక్కడ, ఏం చేశారు, అందువల్ల ఏమైంది. వర్ణనల కోసం కథ ఆగదు. దీనికి కారణాలు రెండు కనిపిస్తాయి. ఒకటి, చందమామను ఇంట్లో ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వినేవారు. వినే అమ్మమ్మ పేజీ వెనక్కి తిప్పి చూసుకోలేదు కదా, వాక్యం మొదటిసారే చెవికి అందాలి. రెండు, ఆ కథలు తెలుగు నుంచి ఎన్నో భారతీయ భాషల్లోకి వెళ్లేవి. మెలికలు తిరిగిన వాక్యమైతే దారిలోనే తప్పిపోతుంది.

బేతాళ కథలే తీసుకోండి. సంస్కృతంలో ఉన్నవి పాతికే. చందమామలో అదే చట్రంలో కొత్త కథలు వందల్లో వచ్చాయి, కుటుంబరావు చేయి పడి చాలా కథలు బేతాళ కథలయ్యాయి. ఆ చట్రం ఒకసారి గమనించండి. చీకట్లో, శ్మశానంలో, భుజాన బరువుతో ఒక మనిషి నడుస్తున్నాడు. చెవి పక్కనుంచి కథ వినిపిస్తోంది. కథ అయ్యాక ప్రశ్న ఉంటుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. ఇయర్‌ఫోన్స్ లేవుగానీ, ఆడియో బుక్‌కి ఇంతకంటే మంచి బొమ్మ ఎవరు గీయగలరు? పైగా అందులో వినడమంటే ఊరికే కాలక్షేపం కాదు, విన్నదాన్నిబట్టి ఆలోచించి తీర్పు చెప్పాలి.

చందమామ వేసిన పెద్ద కథల్లో లోకం కూలిన తర్వాతి సాహసాలకు కొదవ లేదు. గ్రీకుల ఒడిస్సీ 'రూపధరుడి యాత్రలు'గా వచ్చింది. యుద్ధంలో ఒక నగరం బూడిదయ్యాక ఇంటికి తిరిగొచ్చే మనిషి కథ అది. మహాభారతం చివర ద్వారక సముద్రంలో మునుగుతుంది. మిగిలినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్తున్న అర్జునుడు దారిలో దొంగల ముందు నిస్సహాయుడవుతాడు. ఈ రోజు మీరు వినే ప్రళయ కథలకు పునాదులివే. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టి, పది వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు బెజవాడ వీధుల్లోకి వచ్చింది. ఈ డెల్టాలో అలాంటి కథ వింటే అది వేరే గ్రహం సంగతి అనిపించదు.

పేరు లేని పని

కుటుంబరావు నాస్తికుడు, ఫిజిక్స్ చదివినవాడు, సైన్స్ మీద వ్యాసాలు రాసినవాడు. అలాంటి మనిషి దెయ్యాలూ మాంత్రికుల మధ్య ఇరవై ఎనిమిదేళ్లు ఎలా గడిపారని మీకు అనుమానం రావచ్చు. ఆ కథలు వరసగా చదవండి, తెలుస్తుంది. లోకం ఎంత అసాధ్యమైనదైనా, దానిలోపల కారణం లేకుండా ఏదీ జరగదు. శాపానికి నియమం ఉంటుంది, మంత్రానికి హద్దు ఉంటుంది, తప్పుకు ఫలితం ఉంటుంది. మంచి సైన్స్ ఫిక్షన్‌లో మీరు వెతికేది కూడా అదే.

అయితే ఇందులో ఒక చేదు నిజం ఉంది. సంపాదకుడిగా పత్రిక మీద ఉన్న పేరు చక్రపాణిది. కుటుంబరావు పేరు అక్కడ కనిపించేది కాదు. అదే ఆఫీసులో 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'శిథిలాలయం' వంటి పన్నెండు సాహస సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పరిస్థితీ అంతే. రచయిత ఎవరో తెలియకుండానే ఒక తరం ఆ సీరియల్స్ కోసం నెలనెలా ఎదురుచూసింది. దాసరి 2010లో విజయవాడలో కన్నుమూశారు. ఇది న్యాయమా అంటే కాదనే నా అభిప్రాయం. రేపు మీరు చేసే పని మీద కూడా చాలాకాలం మీ పేరు ఉండకపోవచ్చు. పేరు అడగడం మీ హక్కు. పేరు రాలేదని పని నాణ్యత తగ్గించకపోవడం వాళ్లు చూపించిన దారి.

కుటుంబరావు 1980 ఆగస్టు 17న మద్రాసులో చనిపోయారు. కొడుకు రోహిణీప్రసాద్ భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా పనిచేస్తూ, తెలుగులో సైన్స్‌ను తేలిక మాటల్లో రాశారు. తండ్రి సగంలో వదిలేసిన ఫిజిక్స్, ఆయన వదలని తేట తెలుగు కొడుకు దగ్గర కలిశాయి.

మీరు వినేటప్పుడు...

మళ్లీ ఇంట్లోవాళ్ల ప్రశ్నకు వద్దాం. కథలు వింటే ఉద్యోగం రాదు. కానీ ఎలా వింటున్నారన్నదాన్నిబట్టి ఒక పనితనం రావచ్చు. కొన్ని కంపెనీలు పెట్టే వెర్సెంట్ లాంటి స్పోకెన్ టెస్టుల్లో ఒక చిన్న కథ ఒక్కసారి వినిపించి, సొంత మాటల్లో తిరిగి చెప్పమంటారు. బేతాళుడి పరీక్షే, తల పగలదు అంతే.

కాబట్టి ఒక ఎపిసోడ్ అయ్యాక ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, విన్న కథను రెండు నిమిషాల్లో చెప్పండి. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో. ఎవరు, ఏం చేశారు, ఎందుకు, ఏమైంది... ఈ నాలుగూ ఉన్నాయా చూడండి. తర్వాత మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును కూడా అదే పద్ధతిలో చెప్పండి. సమస్య ఏమిటి, మీరేం చేశారు, ఎందుకలా చేశారు, ఫలితం ఏమిటి. ఒక వాక్యంలో ఒక పని. ఇంటర్వ్యూ చేసేవాళ్లూ మీ మాటను వెనక్కి తిప్పి వినలేరు.

ఇంకో మాట. బెనారస్‌లో ఎమ్మెస్సీ ఆగిన రోజుకూ చందమామలో కుర్చీ దొరికిన రోజుకూ మధ్య సుమారు ఇరవై రెండేళ్లు. అన్నాళ్లు మీకు పట్టాలని ఎవరూ కోరుకోరు, పట్టకూడదు కూడా. అయితే డిగ్రీకి తగ్గ పని ఇంకా దొరకలేదని మీరు ఈ ఏడాది చేస్తున్న చిన్న ఉద్యోగాన్ని రెజ్యూమేలో దాచకండి. ట్యూషన్లూ, గుమస్తా బల్లా, ఫ్యాక్టరీ షెడ్డూ చూసిన మనిషికే మామూలు మనుషులు ఎలా మాట్లాడతారో తెలిసింది. ఆ మాటతీరే తర్వాత ఆయనకు అన్నం పెట్టింది.