రామామాత్యుడు

పామఱ్ఱునకు చేరువనున్న కూచిపూడిలో నాట్యప్రదర్శన మారంభమగుటకు ముందు వాద్యములన్నియు ఒక్క శ్రుతికి చేర్పబడును. గాయకుని కంఠము, వేణువు, మృదంగము ఆధారషడ్జమున కలిసినగాని ఆట సాగదు. గాయకుడు తప్పిన స్వరమును వెంటనే సవరించుకొనగలడు. మెట్లుగల వాద్యమున కంతటి వెసులుబాటు లేదు. మెట్టు తప్పుచోట నిలిచినచో అది మాటిమాటికి అపస్వరమునే పలుకును.

ఆఫ్రికా ఖండమందలి జింబాబ్వే దేశమున షోనా జాతివారు చెక్కపై ఇనుపరేకులు బిగించి, వానిని వ్రేళ్లతో మీటి వాయింతురు. ఆ వాద్యమునకు ఎంబిరా యని పేరు. రేకును వెలుపలికి లాగి పొడవు పెంచినచో ధ్వని తగ్గును. లోనికి నెట్టి పొట్టిచేసినచో ధ్వని హెచ్చును. అందును వాయించుటకు ముందే స్వరముల స్థానములు నిర్ణయింపబడవలయును. ఆ నిర్ణయమునకు ప్రమాణమేది? మన వీణ విషయమున ఈ ప్రశ్నకు శాస్త్రీయముగ సమాధానము చెప్పిన పండితులలో రామామాత్యుడు ముఖ్యుడు.

రామామాత్యుడు పదునారవ శతాబ్దివాడు. తండ్రి తిమ్మామాత్యుడు. శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమునకు కళానిధి యను వ్యాఖ్యను రచించిన కల్లినాథుడు ఇతనికి మాతామహుడు. కృష్ణానదికి ఆవలి యొడ్డున కొండవీటి సీమను పాలించిన బయకార రామప్పయ ఇతడేయని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. వాగ్గేయకారుడను మాటయే జనుల నోట బయకారుడుగా మారినదందురు. విజయనగర సామ్రాజ్యమున సదాశివరాయలు సింహాసనమున నుండగా, అధికారమంతయు అళియ రామరాయల చేతిలో నుండెను. ఆ రామరాయల కొలువున రామామాత్యుడు మిక్కిలి మన్నన గాంచెను.

ఆ కాలమున సంగీతవిద్వాంసులకు ఒక చిక్కు కలిగెను. సంగీతరత్నాకరము పదుమూడవ శతాబ్దియందు దేవగిరిలో పుట్టిన గ్రంథము. నాటినుండి మూడువందల యేండ్లలో పాటయు, వాద్యమును చాల మారినవి. పండితులు గ్రంథము నొక విధముగ చెప్పుచుండగా, గాయకులు మఱియొక విధముగ పాడుచుండిరి. పండితులలోనే ఏకాభిప్రాయము లేకపోయెను. ఈ వైరుధ్యములను తొలగింపుమని రామరాయలు రామామాత్యుని ఆజ్ఞాపించెను. అది సులభమైన పని కాదు. ప్రాచీన గ్రంథమునే నమ్మినచో నాటి సంగీతము శాస్త్రమునకు దూరమగును. నాటి సంగీతమునే నమ్మినచో తన తాత వ్యాఖ్యానించిన గ్రంథముతోనే విభేదింపవలసివచ్చును.

రామామాత్యుడు వెనుదీయలేదు. 1550లో స్వరమేళకళానిధి యను సంస్కృతగ్రంథమును పూర్తిచేసెను. అందు ఉపోద్ఘాతము, స్వరము, వీణ, మేళము, రాగము అని 5 ప్రకరణములున్నవి. శార్ఙ్గదేవుడు 7 శుద్ధస్వరములను, 12 వికృతస్వరములను చెప్పెను. ఆ 12 వికృతస్వరములలో ఐదింటికి వినికిడియందు వేఱు ధ్వని లేదని గ్రహించి, రామామాత్యుడు వికృతస్వరములను ఏడింటికి తగ్గించెను. పేరు వేఱైనను ధ్వని వేఱుకానిచో అది వేఱు స్వరము కాదని యాతని నిశ్చయము.

వీణాప్రకరణము ఈ గ్రంథమునకు ప్రాణము. అందలి శుద్ధమేళవీణకు నాలుగు ముఖ్యతంత్రులు. వానిని వరుసగా షడ్జమమునకు, పంచమమునకు, హెచ్చుస్థాయి షడ్జమమునకు, దానిపై మధ్యమమునకు శ్రుతిచేయవలయును. నాలుగు తంత్రుల క్రిందను ఒకే మెట్లుండును. కావున ఒక మెట్టు ఒక తంత్రికి సరిపోయి మఱియొక దానికి తప్పినచో వీణ చెడును. దీనికి రామామాత్యుడు చక్కని ఉపాయము చెప్పెను. తంత్రియందు మానవుడు కల్పింపకయే తమంత పుట్టు స్వరములు కొన్ని కలవు. అవి స్వయంభువులు. వానినే ప్రమాణముగ గొనవలయును. మధ్యమతంత్రిపై రెండవ మెట్టు పంచమమును పలుకవలయును. అది పంచమతంత్రితో కలిసెనా, ఆ మెట్టు సరియైన చోట నున్నట్లే. పంచమతంత్రిపై ఐదవ మెట్టు షడ్జమమును పలుకవలయును. అది షడ్జమతంత్రితో కలిసెనా, ఆ మెట్టు స్థిరపడినట్లే. ఈ విధముగ ఒక తంత్రికి మఱియొక తంత్రియే సాక్షి యగును.

ఒక్కొక్క రాగమునకు మెట్లను జరుపుకొను వీణను ఏకరాగమేళవీణ యనియు, మెట్లను కదల్పకయే అన్ని రాగములు పలుకు వీణను సర్వరాగమేళవీణ యనియు ఆతడు వివరించెను. మెట్లు మఱీ దగ్గఱైనచో వాయించుట కష్టమని, అంతరగాంధార కాకలినిషాదములకు వేఱు మెట్లు పెట్టక ప్రక్కమెట్లనే ప్రతినిధులుగా నిలిపెను. రాగములను 20 మేళములుగా విభజించి, ఈ ప్రతినిధిస్వరములను అంగీకరించినచో 15 మేళములే చాలునని చెప్పెను.

1565లో రాక్షసి తంగడి యుద్ధమున రామరాయలు నిహతుడయ్యెను. విజయనగరము పాడువడెను. రాజభవనములు నేలగూలినను, రామామాత్యుని గ్రంథము మాత్రము నిలిచెను. పదునేడవ శతాబ్దియందు తంజావూరి వేంకటమఖి తన చతుర్దండీప్రకాశికయందు రామామాత్యుని కఠినముగ విమర్శించి, 72 మేళముల పద్ధతిని నెలకొల్పెను. ఆ విమర్శకును రామామాత్యుని గ్రంథమే ఆధారమయ్యెను. 1932లో అన్నామలై విశ్వవిద్యాలయము దానిని ఆంగ్లానువాదముతో ప్రకటించెను.

నేటి వీణకు 24 మెట్లున్నవి. నూజివీడులో పనసకొయ్యతో వీణలు చేయు శిల్పులు మైనపు కట్టపై ఆ మెట్లను నిలుపునపుడు, తంత్రిని మీటి, చెవియొగ్గి విని, వెండ్రుకవాసి జరిపి మఱల విందురు. మీరు వీణానాదమును వినునపుడు, గ్రంథమును గౌరవించుచునే తన చెవి విన్న సత్యమును ధైర్యముతో చెప్పిన ఆ అమాత్యుని ఒకమాఱు స్మరింపుడు.