గుంటూరు వైద్య సన్యాసిని మేరీ గ్లౌరీ

స్త్రీల వైద్యమనగానే మనకు మదనపల్లెలోని మేరీ లాట్ ఆసుపత్రి జ్ఞప్తికి వచ్చును. మన అవ్వల, ముత్తవ్వల కాలమున మగవైద్యునికి చేయి చాపి నాడి చూపించుకొనుటకు సైతము ఆడువారు వెనుదీసెడివారు. కాన్పు కష్టమైనచో మంత్రసానియే దిక్కు. ఆమెకు చేతగానిచో దైవమే దిక్కు. గుంటూరు సీమలోను అదే స్థితి. అక్కడ అమెరికా వైద్యురాలు కుగ్లర్ నెలకొల్పిన ఆసుపత్రి ఉన్నను అది ఎందరికని చాలును? అట్టి సమయమున 1920 ఫిబ్రవరిలో మేరీ గ్లౌరీ ఆ పట్టణమున అడుగిడెను.

ఈమె 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున బిర్రెగర్రా అను ఊర జన్మించెను. పెరిగినది వాచెమ్ అను చిన్న గ్రామమున. వానలు తక్కువైన గోధుమపొలముల ప్రాంతమది; మన సీమవారికి అట్టి నేల కొత్తగాదు. ఉపకారవేతనముతో చదువుకొని, 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను. ఆ దేశమునను స్త్రీ వైద్యులు నాడు అరుదు. నేత్రచికిత్సయందు పేరు గడించి, మెల్బోర్న్ నగరములో పేరుమోసిన కాలిన్స్ వీధిలో వైద్యము చేయుచుండెను.

1915లో ఒక చిన్న పుస్తకము ఆమె చేతికి వచ్చినది. భారత స్త్రీల వైద్యమునకై పాటుపడిన స్కాట్లండు వైద్యురాలు ఆగ్నెస్ మెక్లారెన్ చరిత్రమది. దానిని చదివినది మొదలు ఆమె మనసు మన దేశముపైననే నిలిచినది. అయినను తొందరపడలేదు. 1919లో స్త్రీరోగ, ప్రసూతి, నేత్రవైద్యములలో ఉన్నతపట్టము సాధించి, ఆ పిమ్మటనే ఓడ యెక్కెను. ఇట్టి నిదానము సామాన్యము గాదు.

గుంటూరున డచ్చి దేశపు సన్యాసినుల మఠమున చేరి, తిరుహృదయ మరియ అను నామము స్వీకరించెను. ఇచట ఒక చిక్కు కలదు. సన్యాసిని వైద్యము చేయుటకు ఆనాటి శ్రీసభ నియమములు అంగీకరింపవు. పదునైదవ బెనెడిక్టు పోపుగారి ప్రత్యేకానుమతి లభించిన పిదపనే ఆమె మరల రోగుల నాడి పట్టినది. సన్యాసినిగా వైద్యము చేసిన మొదటి వైద్యురాలు ఈమెయే.

అటుపై ఆమెకు జీతము లేదు, సొంత ఆస్తి లేదు. మఠపు చిన్న మందులశాల క్రమముగా సెయింట్ జోసెఫ్ ఆసుపత్రియైనది. లక్షల సంఖ్యలో రోగులు అచట చికిత్స పొందిరి; వారిలో అధికులు స్త్రీలు, పసిబిడ్డలు. ఆమె పల్లెలకును పోయి చూచెడిది. దేశీయ మూలికల గుణములను శ్రద్ధతో పరిశీలించెను. నాకు తోచినంతవరకు అన్నిటికన్న మిన్నయైన పని వేరొకటి కలదు. మన స్త్రీలకే మందులు కలుపుటయు, రోగులకు పరిచర్య చేయుటయు, కాన్పులు చేయుటయు నేర్పినది. తన చేతివిద్యను తనతో దాచుకొనలేదు.

1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘమును స్థాపించెను. ఈ దేశమున ఒక కాథలిక్ వైద్య కళాశాల వెలయవలెనని ఆమె ఆశ. ముప్పదియేడేండ్లు మన దేశమున సేవచేసి, కాన్సరు వ్యాధితో 1957 మే 5న బెంగుళూరున కన్నుమూసెను. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించినది.

ఆమె కోరిన కళాశాల, మన మదనపల్లె, కుప్పములకు చేరువనున్న ఆ బెంగుళూరుననే, సెయింట్ జాన్స్ పేర 1963లో ఆరంభమైనది. అప్పటికి ఆమె గతించి ఆరేండ్లు.