గోధుమ ఎప్పుడు ఈనాలో ఎవరు చెప్పాలి? వావిలోవ్ జీవితం

రష్యా రైతులకు గోధుమ రెండు రకాలు. ఒకటి చలికాలానికి ముందే చల్లేది. నెలల తరబడి మంచు కింద పడుండి, ఎండలొచ్చాక లేచి పొట్టకొచ్చి ఈనుతుంది. దాన్నే వసంతంలో చల్లితే గడ్డిలా పెరుగుతుంది తప్ప వెన్ను వెయ్యదు. రెండోదానికి చలితో పనిలేదు, వసంతంలో చల్లితే ఆ ఎండాకాలమే కోతకొస్తుంది. మన దగ్గర నవంబరులో వేసే గోధుమ కూడా, చలికాలం పంటే అయినా, ఈ రెండో రకమే. ఈ తేడా గింజలో పుట్టుకతో ఉందా, చలి నేర్పితే వచ్చిందా? ఈ గొడవలో నికొలాయ్ వావిలోవ్ ప్రాణం పోయింది.

1887లో మాస్కోలో ఒక బట్టల వ్యాపారి ఇంట పుట్టారాయన. ఇంగ్లండ్‌లో విలియం బేట్సన్ దగ్గర జన్యుశాస్త్రం నేర్చుకొచ్చారు. ఆ తర్వాత ఆయన జీవితమంతా తిరుగుడే. 1916లో ఇరాన్, 1924లో గుర్రాల మీద అఫ్ఘానిస్తాన్, ఆ తర్వాత సిరియా, పాలస్తీనా, అల్జీరియా, మొరాకో, ఇథియోపియా. వెళ్లిన ప్రతిచోటా పొలాల్లో, బజార్లలో గింజలు అడిగి తీసుకునేవారు. మేలు రకాలకు కావలసిన గుణాలు పాత సేద్యపు దేశాల రైతుల గింజల్లోనే ఉన్నాయని ఆయన నమ్మకం. లెనిన్‌గ్రాడ్ సంస్థలో 1940 నాటికి సుమారు 2,50,000 నమూనాలు చేరాయి.

1920లలో ఆయన ఒక పెద్ద ప్రయోగం చేయించారు. అవే విత్తనాలను ఉత్తరం నుంచి దక్షిణం దాకా వందకు పైగా చోట్ల నాటించి, ఎక్కడ ఎన్ని రోజులకు ఈనుతాయో రాయించారు. చలీ, పగటి పొడవూ ఆ తేదీని ముందుకో వెనక్కో జరుపుతాయని ఆయనకు బాగా తెలుసు. కానీ రకానికీ రకానికీ మధ్య తేడా వంశపారంపర్యమే అన్నది ఆయన మాట.

1929లో ఉక్రెయిన్ నుంచి త్రోఫిమ్ లిసెంకో పేరు పైకొచ్చింది. గింజను తడిపి, కొన్ని వారాలు చలిలో ఉంచి వసంతంలో చల్లితే చలికాలపు గోధుమా ఈనుతుందని చూపించాడు. విషయం పూర్తిగా కొత్తదేం కాదు. అయినా వావిలోవ్ సంతోషించారు, పెద్దల ముందు అతన్ని మెచ్చుకున్నారు. దానికి కారణం ఉంది. దేశదేశాల గోధుమలు ఒకేసారి పూతకొస్తే గానీ సంకరం చెయ్యలేం. ఈ పద్ధతితో ఆ ఇబ్బంది తీరుతుంది. తర్వాత చాలామంది ఇందుకు వావిలోవ్‌ను తప్పుపట్టారు గానీ, పనికొచ్చే పద్ధతిని పనికొస్తుందని చెప్పడం తప్పెలా అవుతుంది?

లిసెంకో అక్కడితో ఆగలేదు. అలా చలికి పెట్టిన గోధుమ పిల్లలు కూడా వసంత రకమే అవుతాయన్నాడు, జన్యువులన్నీ ఉత్తమాటలన్నాడు. చూపించిన రుజువు పిడికెడు మొక్కలు కూడా కాదు. కానీ 1932–33 కరువు తర్వాత స్టాలిన్ ప్రభుత్వానికి తొందర. కొత్త రకానికి పది పన్నెండేళ్లు పడుతుందనే మనిషి కన్నా రెండు మూడేళ్లలో ఇస్తాననే మనిషి నచ్చాడు. 1935లో వ్యవసాయ అకాడమీ అధ్యక్ష పదవి వావిలోవ్ చేతినుంచి పోయింది, 1938లో అదే కుర్చీలో లిసెంకో కూర్చున్నాడు. తోటివారు ఒక్కొక్కరే అరెస్టవుతున్నా వావిలోవ్ మాట మార్చలేదు.

1940 ఆగస్టులో గింజల కోసం ఉక్రెయిన్ వెళ్లినచోటే ఆయన్ను పట్టుకున్నారు. 1941 జులైలో మరణశిక్ష వేసి, మరుసటేడు ఇరవయ్యేళ్ల ఖైదుగా మార్చారు. 1943 జనవరి 26న సరాతోవ్ జైల్లో తిండి లేక చిక్కి చనిపోయారు. ఆయన ఖైదులో ఉన్న కాలంలోనే జర్మన్ సైన్యం ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లో ఆయన సంస్థ ఉద్యోగులు బస్తాల పక్కనే ఆకలితో ప్రాణాలు వదిలారు. విత్తనాలను మాత్రం వండుకోలేదు.

1955లో ఆయన మీద నేరాలన్నీ కొట్టేశారు. 2003లో గోధుమలో వీఆర్‌ఎన్1 అనే జన్యువును విడదీసి చూశారు. చలికాలపు రకంలో అది మూసుకుని ఉంటుంది, వారాల చలి తగిలితే తెరుచుకుంటుంది. వసంత రకంలో ఆ జన్యువును తెరిచే భాగంలోనే మార్పు ఉంది కాబట్టి చలి లేకపోయినా పనిచేస్తుంది. ఆ మార్పు తల్లి గింజ నుంచి పిల్ల గింజకు వెళ్తుంది. చలి వేసిన గుర్తు మాత్రం వెళ్లదు, ప్రతి తరం గింజకూ మళ్లీ చలి కావాల్సిందే.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఆ విత్తనాల సంస్థను ఇప్పుడు వావిలోవ్ పేరుతోనే పిలుస్తున్నారు.