విలియం కింగ్ (భూగర్భ శాస్త్రవేత్త)

విలియం కింగ్ 19వ శతాబ్దానికి చెందిన భూగర్భ శాస్త్రవేత్త. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు అధిపతిగా పనిచేశాడు. 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించి సింగరేణి గనులకు మూలకారకుడయ్యాడు. ఇల్లందు నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది.

కుటుంబం, ఉద్యోగం

ఈయన తండ్రి పేరు కూడా విలియం కింగే. తండ్రి ఐర్లండులోని గాల్వే కళాశాలలో ఆచార్యుడు. నియాండర్తల్ మానవుణ్ణి ప్రత్యేక జాతిగా ప్రతిపాదించినవాడు. పేర్లు ఒకటే కావడం వలన ఇద్దరినీ ఒకరిగా పొరబడే అవకాశముంది. కుమారుడు 1857లో సర్వేక్షణ సంస్థలో చేరి, దక్షిణ భారతంలో దీర్ఘకాలం పనిచేశాడు. కడప, కర్నూలు ప్రాంతాల శిలలపై ఈయన గ్రంథం 1872లో వెలువడింది. 1887 నుండి 1894 వరకు సంస్థకు డైరెక్టరుగా ఉన్నాడు.

సింగరేణి బొగ్గు

1870లో భద్రాచలం వెళ్ళే యాత్రికులు ఇల్లందు వద్ద నల్లరాళ్ళను పొయ్యిగా పేర్చి వంట చేయగా, ఆ రాళ్ళే అంటుకొని మండాయని సింగరేణి చరిత్రలో చెబుతారు. కనుక బొగ్గును తొలుత చూసినవారు పేరు తెలియని ఆ సామాన్యులే. అది బొగ్గు క్షేత్రమని పరిశీలించి నిర్ధారించినది కింగ్. అక్కడి ప్రధాన బొగ్గు పొరకు ఈయన పేరిట కింగ్ సీమ్ అని పేరు వచ్చింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడి, 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది.

గోదావరి లోయ పరిశోధన

ప్రాణహిత-గోదావరి లోయపై ఈయన గ్రంథం 1881లో ప్రచురితమైంది. పాఖాల, సుల్లవాయి శిలా సముదాయాలకు ఆ పేర్లు పెట్టినది ఈయనే. ఈ లోయ సమాంతర భ్రంశాల మధ్య భూమి కుంగి ఏర్పడిన పగులు లోయ అని తరువాతి శాస్త్రవేత్తలు వివరించారు. సుమారు 28 కోట్ల సంవత్సరాల నాటి అడవుల అవశేషాలు ఇలా కుంగిన భాగంలో ఉండిపోవడం వలననే కోతకు గురికాకుండా బొగ్గుగా నిలిచాయి.

ఆ భ్రంశాలు మేలుతో పాటు కష్టమూ తెచ్చాయి. భూగర్భ గనిలో బొగ్గు పొర ఫాల్ట్ వద్ద హఠాత్తుగా తెగిపోయి, మరొక లోతులో కనబడుతుంది. అక్కడ పైకప్పు బలహీనంగా ఉండవచ్చు గనుక కార్మికులు మిక్కిలి జాగ్రత్త వహించాలి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. మణుగూరు పరిసరాలలో వేడినీటి ఊటలున్నాయి. ఇవి అగ్నిపర్వతాల వలన కలిగినవి కావు; లోతుకు ఇంకిన నీరు భూతాపంతో వేడెక్కి, పగుళ్ళ గుండా పైకి వస్తుంది. మణుగూరు వద్ద పగిడేరులో ఈ వేడితో విద్యుత్తు తయారు చేసేందుకు సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని నెలకొల్పింది.

రామగుండంతో సంబంధం

కింగ్ కాలంలో రామగుండంలో గనులు లేవు. గోదావరిఖని ప్రాంతంలో తవ్వకం 1960వ దశకం తొలి సంవత్సరాలలో మొదలై, గోదావరి ఒడ్డున ఒక కార్మిక పట్టణం వెలసింది. ఇల్లందుకు, రామగుండానికి మధ్య చాలా దూరమున్నా, రెండూ ఒకే లోయలోని బొగ్గు క్షేత్రాలు. ఆ లోయ శిలలను మొత్తంగా వర్ణించిన తొలి సమగ్ర గ్రంథాలలో కింగ్ రచన ముఖ్యమైనది.