మొదటి సాలార్‌జంగ్ - ఆయన ఉద్యోగ వ్యవస్థ

సాలార్‌జంగ్ అనగానే మన విద్యార్థులకు మూసీ తీరమందలి మ్యూజియము, అందు గంటలు కొట్టు గడియారము స్ఫురించును. ఆ వస్తువులలో అధిక భాగమును సేకరించినవారు మూడవ సాలార్‌జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. మేలిముసుగు రెబెక్కా శిల్పమును మాత్రము 1876లో రోము నగరమున కొన్నవారు ఆయన పితామహులు, మొదటి సాలార్‌జంగ్ నవాబ్ మీర్ తురాబ్ అలీ ఖాన్. మేము స్మరింపదలచినది ఈ తాతగారిని. ఈయన జీవితమంతయు సేకరించినది సమర్థులైన మనుష్యులను. ఏ పనికి ఎవరు తగుదురు, ఆ పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగియవలెను, దానికి వేతనమెంత అను ప్రశ్నలను నేడు వాణిజ్య శాఖలో మానవ వనరుల నిర్వహణ, ఉద్యోగ విశ్లేషణ అను పేరులతో బోధించుచున్నారు. ఆ ప్రశ్నలకు ఒక సంస్థానమంతటికి సమాధానము వెదుకవలసి వచ్చిన వ్యక్తి ఆయన.

1829 జనవరి 21న దివానుల వంశమున జన్మించినారు. చిన్ననాడే తండ్రిని కోల్పోయి, తాత మునీరుల్ ముల్క్ ఇంట, అటుపిమ్మట తండ్రి సోదరులైన సిరాజుల్ ముల్క్ నీడలో పెరిగినారు. ఇరువది ఏండ్లు నిండకమునుపే ఖమ్మము ప్రాంతపు తాలూకాదారుగా నియుక్తులైనారు. నిజాము కొలువులో నుండిన డైటన్ అను ఆంగ్లేయుడు అంతకుముందు ఆ ప్రాంతమును చూచియుండెను. అతడు విడిచిపోయిన లెక్కల పద్ధతిని యువకుడు శ్రద్ధగా గ్రహించినాడు. 1853 మేలో బీరారు ఆంగ్లేయుల చేతికి పోయినది. కొద్ది దినములకే సిరాజుల్ ముల్క్ మరణించినారు. ఆ నెల 31న ఇరువది నాలుగేండ్ల మీర్ తురాబ్ అలీ ఖాన్ దివానుగిరీ చేపట్టినారు. ఖజానాలో ధనము లేదు. సిపాయిలకు జీతముల బాకీలు పేరుకొనియుండెను.

ఆనాటి ఉద్యోగ స్థితిని కొంత వివరించుట అవసరము. తాలూకాదారు అనగా జీతము తీసుకొను అధికారి కాడు. నజరానా చెల్లించి శిస్తును గుత్తకు పుచ్చుకొన్నవాడు. అనేకులు నగరము విడువక, నాయబులను పంపి వసూలు చేయించెడివారు. ప్రభుత్వమునకు అప్పిచ్చిన అరబ్బు జమాదారులు కొన్ని తాలూకాలను హామీగా పట్టుకొనియుండిరి. ఇక లెక్కలన్ననో, తెలంగాణపు దస్త్రము మాల్‌వాలా కాయస్థ కుటుంబము వద్ద, మరాఠ్వాడా దస్త్రము రాయ్ రాయాన్ బ్రాహ్మణ కుటుంబము వద్ద వంశపారంపర్యముగా నుండెడివి. రాజ్యపు ఆదాయమెంతయో దివాను తెలిసికొనవలెనన్నను వారి కాగితములే శరణ్యము. పని, పదవి, ఇల్లు, వారసత్వము విడదీయరానట్లు పెనవేసికొనిన సంస్కృతి యది.

దీనిని ఆయన ఒక్క ఫర్మానాతో కూల్చలేదు. ఇందే ఆయన నేర్పు ఉన్నదని మా అభిప్రాయము. దఫ్తర్‌దారుల రాబడికి భంగము కలిగింపక, వారి ప్రక్కనే క్రొత్త ఖజానాను, క్రొత్త లెక్కల శాఖను నెలకొల్పి, పనిని మెల్లగా అటు మరలించినారు. అప్పులు తీర్చి తాలూకాలను విడిపించినారు. ఏడేండ్లు ఆంగ్లేయుల పాలనలో నుండి 1860 ఒడంబడికతో తిరిగి వచ్చిన రాయచూరు, నల్‌దుర్గ్ జిల్లాలు జీతపుటధికారులతో పాలన ఎట్లు సాగునో చూపినవి. 1865లో జిలాబందీ ఆరంభమైనది. 1867 నాటికి రాజ్యము ఐదు సుబాలుగా, పదునేడు జిల్లాలుగా విభక్తమైనది. సుబాకు సుబేదారు, జిల్లాకు అవ్వల్ తాలూకాదారు, అతని క్రింద దోమ్, సోమ్ తాలూకాదారులు, తాలూకాకు తహసీల్దారు, ఎల్లరును జీతగాండ్రే. పాత తాలూకాదారు పేరు నిలిచినది, పని మారినది. మరుసటి సంవత్సరము న్యాయ, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదరుల్ మహాములు నియమితులైనారు.

వ్యవస్థ ఏర్పడినది గాని, దానిని నడుపువారు సంస్థానములో చాలినంతమంది లేరు. 1873లో స్థాపించిన మదర్సా ఎ ఆలియా వంటి పాఠశాలల ఫలము అందుటకు కాలము పట్టును. కావున ఆయన ఉత్తర హిందూస్థానము వైపు చూచినారు. లక్నోలో అరబ్బీ ఆచార్యులైన సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ వచ్చి ఆయన ప్రైవేటు కార్యదర్శియైనారు. మిర్జాపూరులో డిప్యూటీ కలెక్టరుగా నుండిన సయ్యద్ మెహదీ అలీ 1874లో రెవెన్యూ శాఖకు వచ్చినారు. మొహ్సినుల్ ముల్క్ అను బిరుదుతో ప్రసిద్ధులైనది ఈయనయే. ముష్తాక్ హుసేన్, చిరాగ్ అలీ, నవలాకారుడు నజీర్ అహ్మద్ పిమ్మట వచ్చినారు. ఇట్టివారి ఎంపికలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ సలహా తోడ్పడినది. ఆంగ్ల పాలిత ప్రాంతములో పనిచేసి, వేళకు కచేరీ, వ్రాతలో ఉత్తర్వు అను అలవాటుతో వచ్చినవారికి, దర్బారు మర్యాదలో పెరిగిన నగరపు అమీరులకు పొత్తు కుదురుట సులభము కాదు. దివాను రెండు లోకములను దూరముగనే ఉంచినారు. క్రొత్త అధికారులు దివానీ కచేరీలకు పరిమితులు. నిజాము కొలువుతో, అమీరుల వ్యవహారములతో వారికి జోక్యము లేదు. రెంటికి నడుమ వంతెన ఆయన యొక్కరే.

ఈ ఏర్పాటులో మేము మెచ్చలేనిది ఒకటి కలదు. రైతు మాటలాడునది తెలుగు, మరాఠీ, కన్నడము. కచేరీ భాష పారసీకము. ఉర్దూ రావలెనన్న సూచనను సైతము ఆయన అంగీకరింపలేదు. ప్రతి ఉద్యోగమునకు అర్హతలు నిర్ణయించినవారు, ప్రజల భాష ఎరుగుటను ప్రధానార్హతగా ఎంచకపోవుట పెద్ద లోపమే. 1857లో ఆంగ్లేయుల పక్షము వహించుటను గూర్చి నేటికిని వాదములు కలవు. తుర్రెబాజ్ ఖాన్‌ను వీరునిగా తలచు నగరమున అవి సహజములే. 1859లోను, 1868లోను ఆయనపై హత్యాయత్నములు జరిగినవి, పని ఆగలేదు.

1869లో అఫ్జలుద్దౌలా మరణింపగా, మూడేండ్లు నిండని మహబూబ్ అలీ ఖాన్ పేర ఆయనయు, అమీరె కబీరును రాజప్రతినిధులైనారు. 1876లో ఇంగ్లండు వెళ్లినారు. త్రోవలో ప్యారిస్ హోటలు మెట్లపై జారిపడి తొడ యెముక విరిగినది. ఆక్స్‌ఫర్డు గౌరవ పట్టము దొరికినది గాని బీరారు దొరకలేదు.

1883 ఫిబ్రవరి 8న, ఏబది నాలుగేండ్ల వయస్సున, కలరా సోకి ఆయన హఠాత్తుగా మరణించినారు. దాయిరా మీర్ మోమిన్‌లో ఖననము జరిగినది. శాఖలకు హద్దులు వ్రాసిపెట్టియుండెను. రెండు లోకముల నడుమ వంతెనగా నుండు పనికి మాత్రము ఏ కాగితమునను నిర్వచనము లేకపోయెను. బయటివారు కచేరీలనుండి కొలువు రాజకీయములలోనికి ప్రవేశించిరి. ఆయన కుమారుడు దివానుగా నున్న కాలమున పారసీకము స్థానమును ఉర్దూ ఆక్రమింపగా, ఉత్తరాదివారికి అదియు కలిసివచ్చినది. దక్కనులో పుట్టి చదివిన యువకులు, మా ఉద్యోగములు మాకేవి అని అడుగజొచ్చిరి. ముల్కీ, గైర్ ముల్కీ అను మాటలు అర్జీలలోనికెక్కినవి. 1919లో ముల్కీ నిబంధనలు వచ్చినవి. ఆ ప్రశ్నపైననే 1952లోను, మరల 1969లోను తెలంగాణ విద్యార్థులు తరగతులు విడిచి వీధులకెక్కినారు.