ష్రోడింగర్ చూపిన చిక్కుముడి

ఎర్విన్ ష్రోడింగర్ 1887లో వియన్నాలో జన్మించినాడు. 1926లో, జూరిచ్‌లో ఆచార్యుడుగా నుండగా, ఎలక్ట్రానును తరంగముగా వర్ణించు సమీకరణమును ప్రకటించినాడు. 1933లో హిట్లరు అధికారమునకు రాగా, తాను యూదుడు కాకున్నను, బెర్లిను పదవిని విడిచిపోయినాడు. ఆ యేడే నోబెల్ బహుమతి లభించినది.

1935లో ఆక్స్‌ఫర్డునుండి వ్రాసిన వ్యాసములలో ఒక వింతను ఎత్తిచూపినాడు. ఒకసారి ప్రభావితములైన రెండు కణములు ఎంత దూరమేగినను వాటి స్థితిని విడివిడిగా చెప్పరాదు. జంటకంతకు ఒక్కటే వర్ణన. చిక్కుపడుట అను అర్థమిచ్చు పేరు దీనికి పెట్టినాడు. పెట్టెలోని పిల్లి కథయు ఆ సంవత్సరముదే. చావుబ్రతుకులు రెండును ఒకేసారి గల పిల్లి యున్నదని చెప్పుటకు గాదు, సిద్ధాంతములోని అసంబద్ధతను వేలెత్తి చూపుటకే ఆ కథ అల్లినాడు. తరగతులలో దీనిని తరచు తలక్రిందుగా చెప్పుచుందురు.

1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమింపగా, వారిని ఆమోదించుచు ఒక లేఖ ప్రకటించి, పిమ్మట పశ్చాత్తాపపడినాడు. ఆ లేఖయు ఆతని ఉద్యోగమును కాపాడలేదు. డబ్లినులో ఆశ్రయము పొంది, 1956లో స్వదేశము చేరి, 1961లో కన్నుమూసినాడు.

ఆతనిని కలవరపరచిన ఆ ముడియే నేడు క్వాంటం కంప్యూటరుకు పెట్టుబడి. పది క్యూబిట్ల ఉమ్మడి స్థితిని వర్ణింప సాధారణముగా 1,024 సంఖ్యలు వలయును. ఇంకొకటి చేరినచో 2,048. బయటి వేడిమి సోకినను ఆ ముడి ఇట్టే వీడిపోవును. దానిని నిలుపుటయే నిర్మాతలకు పెద్ద కష్టముగా నున్నది.